ఉరికంబము నెదుట ఛాయాగ్రాహకుఁడు: 1865

అమెరికా సంయుక్తరాష్ట్రములలో బహిరంగముగా ఉరిదీయు ఆచారమును పెన్సిల్వేనియా 1834లోనే మాన్పించినను, తక్కిన రాష్ట్రములు పెక్కింట అది శతాబ్దమంతయు కొనసాగుచునే యుండెను. అబ్రహాం లింకను హత్యకు కుట్రపన్నిరని సైనిక న్యాయమండలి నిర్ణయించిన మేరీ సర్రాట్, లూయీ పావెల్, డేవిడ్ హెరాల్డ్, జార్జి అట్జెరోట్ అను నలుగురిని 1865 జూలై 7న వాషింగ్టను ఆయుధాగారపు కారాగార ప్రాంగణమున ఉరిదీసిరి; లోనికి అనుమతి గలవారికే ప్రవేశమున్నను, ఛాయాచిత్రముల మూలమున అది దేశమునకెల్ల బహిరంగమయ్యెననవచ్చును.

ఆ చిత్రములు తీసినవాఁడు అలెగ్జాండర్ గార్డ్‌నర్; తోడ్పడినవాఁడు తిమోతి ఓసలివన్. కొలోడియను పూసిన గాజుపలకను వెండి నైట్రేటు ద్రావణమున ముంచి, తడి యాఱకమునుపే బొమ్మదీసి కడుగవలసిన ఆ కాలమున, వరుసగా ఇన్ని దృశ్యములను పట్టుట అల్పకార్యము కాదు. ఒకదానిలో మండుటెండ తగులకుండ మేరీ సర్రాట్‌కు గొడుగు పట్టియుండుట కానవచ్చును. కొలఁది నిమిషములలో ప్రాణము తీయఁబోవుచు చూపిన ఈ మర్యాద కడువిచిత్రము! ఛాయాచిత్రమును సూటిగా అచ్చొత్తు సాధనము పత్రికలకు నాఁడు లేనందున, హార్పర్స్ వీక్లీ వానిని కొయ్యదిమ్మెలపై చెక్కించి ప్రకటించెను.

పరీక్షార్థులు గుర్తుంచుకొనవలసినది: ఫెడరల్ ప్రభుత్వము మరణదండన నమలుపఱచిన తొలి స్త్రీ మేరీ సర్రాట్, ఆ దేశమున కడపటి బహిరంగ ఉరి 1936 ఆగస్టు 14న కెంటకీలోని ఓవెన్స్‌బరోలో జరిగెను.