కక్కయ్య అడిగితే బ్రహ్మంగారు కోప్పడలేదు

ఈ వారం వీడియోలో కడప జిల్లా బ్రహ్మంగారి మఠం చూశారు కదా. టైమ్ సరిపోక అందులో ఒక కథ వదిలేశాను. నిజానికి నాకు ఆ వీడియో చేయాలనిపించిందే ఆ కథ వల్ల.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో, కరోనా గురించి కాలజ్ఞానంలో ముందే ఉందంటూ ఒక పద్యం వాట్సాప్‌లో తెగ తిరిగింది, గుర్తుందా? నేనూ బెంగళూరు నుంచి మా మైదుకూరు ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. ఆఫీసులో రెండు లైన్ల కోడ్ మార్చినా ఇంకొకరు రివ్యూ చేయందే ముందుకు పోనివ్వం. దేవుడి విషయం అనేసరికి ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. మా తమ్ముడు దాన్ని అవ్వకు చదివి వినిపించాడట. లక్షల మంది పోతారని విని అవ్వ రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు ఫోన్ చేసింది.

"నాయనా, అది ఏ పుస్తకంలో ఉండాదిరా? మన ఇంట్లో బుక్కంతా తమ్మునితో చదివిచ్చినా. యాడా లేదే?"

నా దగ్గర జవాబు లేదు. అవ్వ బడికి పోలేదు. ఏటా వైశాఖంలో ఆరాధనకు మఠానికి పోకుండా ఉండదు. అడగాల్సిన మాట అంత భక్తి ఉన్న ఆమె అడిగింది, ఇంజనీరింగ్ చదివిన నాకు తోచలేదు. కాలజ్ఞానం అచ్చు ప్రతులు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉండవు. వేరే దాంట్లో ఉందేమో కూడా. కానీ ఎక్కడుందో తెలియకుండానే బ్రహ్మంగారి పేరు చెప్పి నేను అవ్వను భయపెట్టాను.

ఇక కథ. 17వ శతాబ్దం నాటిదని చెబుతారు. బ్రహ్మంగారు బనగానపల్లెలో అచ్చమ్మగారి ఆవులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారు, తర్వాత కందిమల్లాయపల్లె చేరారు. ఇప్పుడు మఠం ఉన్నది అక్కడే. ఒకరోజు, దూదేకుల కుటుంబంలో పుట్టిన శిష్యుడు సిద్ధయ్యకు యోగం బోధిస్తున్నారు. ఈ శరీరంలోనే చక్రాలున్నాయి, వాటిలో దేవతలుంటారు అని. మాదిగ కక్కయ్య అది చాటుగా విన్నాడు. ఇంటికి పోయి, నిద్రపోతున్న భార్యను చంపి, కోసి చూశాడు. దేవతలెవరూ కనపడలేదు. నేరుగా వచ్చి, నువ్వు చెప్పిందంతా అబద్ధమని గురువు మొహం మీదే అనేశాడు.

మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అతను చేసింది ఘోరం, అందులో రెండో మాట లేదు. కానీ తర్వాత బ్రహ్మంగారు ఏం చేశారో చూడండి. శపించలేదు. నన్ను అడగడానికి నువ్వెవరు అనలేదు, కులం ఎత్తలేదు. లేచి అతని ఇంటికి నడిచారు. తాను చెప్పింది ఆ శరీరంలోనే చూపించి, ఆమెను బతికించారని కథ. కక్కయ్య శిష్యుడయ్యాడు. ఆ మహిమను ఎలా తీసుకుంటారో మీ ఇష్టం. నా మనసు అంతకు ముందే ఆగిపోతుంది, అబద్ధాలకోరు అన్నవాడి గడపకు గురువే వెళ్ళిన చోట.

సిద్ధయ్య విన్నదీ అదే బోధ. కాకపోతే అతను గురువు దగ్గరే ఉండి అడిగి తెలుసుకున్నాడు. కక్కయ్య సగం విని పరిగెత్తాడు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు వస్తే పిప్పలాదుడు ఏమంటాడు? ఏడాది ఇక్కడ తపస్సుతో ఉండండి, తర్వాత అడగండి, మాకు తెలిసుంటే చెబుతాం అంటాడు. ఆ "తెలిసుంటే" అన్న మాట నాకు భలే ఇష్టం. గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు జ్ఞానుల దగ్గరికి పోయి వినయంతో, సేవతో పాటు ప్రశ్నించి తెలుసుకోమన్నాడు. పద్దెనిమిదో అధ్యాయానికి వచ్చి, చెప్పాల్సిందంతా చెప్పాక, బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యి అని అర్జునుడికే వదిలేశాడు.

ఎక్కువ అడిగితే కళ్ళు పోతాయని మన పెద్దోళ్ళు అనేదీ ఊరికే కాదులెండి. బీటెక్ హాస్టల్లో ఉన్నప్పుడు నేను నాన్నను అడిగిన ప్రశ్నలు తెలుసుకోవడానికి కాదు, ఆయన నోరు మూయించడానికి. జవాబు చెబుతుంటే ఫోన్ చూసుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పద్యం మా పుస్తకంలో దొరకలేదని గ్రూపులో రాశాను. "బ్రహ్మంగారినే శంకిస్తావా?" అని మా మామ ఒకాయనకు కోపమొచ్చింది. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు.

మొన్న ఊరికి పోయినప్పుడు, వీడియో కోసం ఈ కథ అవ్వతో మళ్ళీ చెప్పించుకున్నాను. అంతా చెప్పి కాసేపు ఊరకుండింది.

"లేసినాంక ఆ యమ్మ మల్లా వానితో కాపురం చేసిందో లేదో ఎవురూ చెప్పరే" అంది.

ఈసారి ఆరాధనకు పోయినప్పుడు మఠంలో అడుగుతుందంట.