సూది గ్రుచ్చుటకు ముందు

సికింద్రాబాదులోని జనరల్ బజారు బట్టల వర్తకమునకు ప్రసిద్ధి. అచట బట్ట కొని, దానిపై కుట్టుపని చేసి అమ్మదలచు లంబాడీ స్త్రీలు తండాలలో పెక్కుమంది కలరు. పేటియా, కాంచళి, టుక్రి మొదలగు తమ దుస్తులపై అద్దములు, గవ్వలు, పూసలు కూర్చు నేర్పు వారికి తల్లులనుండి సంక్రమించినదే. అయితే ధరించు దుస్తునకు శరీరమే కొలత చెప్పును. గోడకు వ్రేలాడదీయు పటమునకు కొలతను, అమరికను కుట్టు స్త్రీయే నిర్ణయించుకొనవలెను.

మొదట బట్టను నిర్ణయింపవలెను. పోగులు లెక్కింపదగిన ముతక నూలుబట్ట మేలు. దానిని ముందుగనే తడిపి ఆరవేయవలెను. లేనిచో కుట్టిన పిదప కుదించుకొని ముడుతలు పడును.

రెండవది అమరిక. పటము 18 అంగుళముల వెడల్పు, 24 అంగుళముల పొడవు కలదనుకొందము. నలువైపుల 3 అంగుళముల అంచు విడిచినచో నడుమ 12, 18 అంగుళముల చోటు మిగులును. అందు 3 అంగుళముల గడులు సరిగా 24 వచ్చును. గడి విడిచి గడిలో అద్దము కుట్టినచో 12 అద్దములు చాలును. అంచును 2 అంగుళములే ఉంచినచో గడులు సరిపడక మూలలలో తునుకలు మిగులును.

మూడవది రంగు. దారమును తడిపి తెల్లని గుడ్డలో నొక్కి చూడవలెను. రంగు దిగినచో దానిని వాడరాదు. ముదురు నేలపై లేతరంగు దారము స్పష్టముగా కనబడును.

నాలుగవది వెల. ముందుగా ఒక్క గడిని కుట్టి, పట్టిన కాలమును వ్రాసికొనవలెను. గడికి 2 గంటలైనచో 24 గడులకు 48 గంటలు, అంచుపని అదనము. ఈ లెక్క తెలియనిదే ధర ఒప్పుకొన్నచో కూలి గిట్టదు. వర్తకుడు కోరిన మార్పులకు ఎన్ని గంటలు పెరుగునో కూడ దీనివలననే తెలియును.

2018వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టముతో తెలంగాణములో పెక్కు తండాలు ప్రత్యేక గ్రామపంచాయతీలైనవి. సభ్యులు పూనుకొన్నచో ఈ పనికి రెండు సాయములు చేయవచ్చును. వృద్ధస్త్రీలచే ఒక్కొక్క కుట్టును ఒక గుడ్డపై కుట్టించి, దానిని మాదిరిగా పంచాయతీ కార్యాలయమున భద్రపరుపవచ్చును. వర్తకునితో ఒప్పందము కుదిరినపుడు కొలత, రంగులు, గడువు, వెల కాగితముపై వ్రాయించవచ్చును. మాదిరి చేతనున్న స్త్రీ తన పనికి తానే రూపము నిర్ణయించును; లెక్క తెలిసిన స్త్రీ తన కష్టమునకు తగిన వెల అడుగును.