ఆయిలరు పరీక్షించిన ప్రధాన సంఖ్య

చదరంగపు బల్లపై మొదటి గడిలో నొక గింజయు, రెండవదానిలో రెండును, మూఁడవదానిలో నాలుగును, ఇట్లు ఇనుమడించుచు ముప్పదియొకటవ గడివఱకు నుంచినచో మొత్తము గింజలు 2,14,74,83,647 అగును. వీనిని పదిమందికిఁ గాని, నూరుమందికిఁ గాని, మఱి యెందఱికిఁ గాని సమముగాఁ బంచుట సాధ్యము కాదు. ఒక్కనికే యన్నియు నీయవలెను. లేదా గింజకొక మనుష్యుని వెదకి తేవలెను. ఇట్టి సంఖ్యయే ప్రధాన సంఖ్య.

చెప్పుట సులభము. నిరూపించుట యెట్లు? ప్రధానము కాని సంఖ్యకు, దాని వర్గమూలమునకు మించని ప్రధాన భాజక మొకటి యుండి తీరవలెను. దీని వర్గమూలము 46,340 కంటెఁ గొంచె మెక్కువ. అంతలోపల ప్రధాన సంఖ్యలు నాలుగువేల యేడువందలకుఁ బైగాఁ గలవు. అన్నిటితోను భాగించి చూడవలెనన్న నెంత శ్రమ! ఇటలీ దేశస్థుఁడగు కటాల్డి, 2 యొక్క 23, 29, 31, 37వ ఘాతములలో నొకటి తగ్గింపఁగా వచ్చునవి ప్రధానములని 1603లో వ్రాసెను. 31 తప్ప తక్కిన మూఁడును తప్పే. నిజమైన మాటయైనను నిరూపణము లేనియెడల గణితమున నది యూహయే గదా!

1772 నాటికి లెయొనార్డు ఆయిలరు సెంటు పీటర్సుబర్గులో, చూపు దాదాపుగాఁ బోయిన స్థితిలో, దీనిని నిరూపించెను. ఆతఁడు శ్రమ తగ్గించుకొనిన విధ మెఱుఁగఁదగినది. 2 యొక్క ఘాతములను వరుసగా 23 చేత భాగింపుఁడు. శేషములు 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. పదునొకండవ మెట్టున 1 వచ్చినది. కావున 11వ ఘాతమున నొకటి తగ్గింపఁగా వచ్చు 2047ను 23 నిశ్శేషముగా భాగించును. ఫెర్మా సిద్ధాంతముచే ఇరువదిరెండవ మెట్టునను 1 రాక తప్పదు. 22లో 11 ఇమిడియున్నది. అట్లే మన సంఖ్యను భాగింపఁగల ప్రధాన మేదైన నుండినచో, దానిలో నొకటి తగ్గింపఁగా మిగులునది 31 చేతను, సరిసంఖ్య యగుటచే 62 చేతను భాగింపఁబడవలెను. అదిగాక, ఆ ప్రధానమును 8 చేత భాగించిన 1 గాని 7 గాని శేషింపవలెను. ఈ రెండు నియమములను గలిపినచో 248 చేత భాగింపఁగా 1 గాని 63 గాని మిగులు సంఖ్యలనే చూడవలసియుండును. అట్టివి నాలుగువందలకు లోపే. వానిలోఁ బెక్కులు ప్రధానములు కానందునఁ ద్రోసివేయవచ్చును. మిగిలినవానిలో నొకటియు భాగింపలేదు.

ఇట్టివి వినోదమాత్రములు గనుక దీనికంటెఁ బెద్దదాని నెవ్వరును వెదకఁబోరని 1811లో బార్లో యను ఆంగ్లేయుఁడు తలంచెను. 1876లోనే లూకాసు 39 అంకెల ప్రధానమును జూపెను. 2024లో దొరకినదానికి 4,10,24,320 అంకెలు!

విద్యార్థులారా, 2 యొక్క 13వ ఘాతమున నొకటి తగ్గించిన 8191 వచ్చును. దాని వర్గమూలము 91 కంటెఁ దక్కువ. భాజకములు 26 యొక్క గుణిజములకంటె నొకటి యెక్కువగా నుండవలెను గనుక 27, 53, 79 మాత్రమే మిగులును. 27 ప్రధానము కాదు. తక్కిన రెంటితో మీరే భాగించి చూడుఁడు.