బొమ్మకు కాలువ, శబ్దానికి బోదె

విద్యార్థులారా! మీ ఇంట్లోనో, మీ మావయ్యగారి ఇంట్లోనో ఎప్పుడో పదిహేనేళ్ల కిందట కొన్న హోమ్ థియేటర్ రిసీవరు అటక మీద ఉందేమో చూడండి. నల్లగా, బరువుగా ఉండే పెట్టె అది. ముందు వైపు పెద్ద గుండ్రని మీట ఉంటుంది. వెనుక వైపు రకరకాల రంధ్రాలు ఉంటాయి. దానితోబాటు అయిదారు స్పీకర్లు కూడా ఉంటాయి.

ఇంట్లోకి కొత్త టీవీ వచ్చాక ఎవరో ఒకరు కంప్యూటరును ఈ పెట్టెకూ, పెట్టెను టీవీకీ కలిపి చూసి ఉంటారు. తెర నల్లగానే ఉండిపోయి ఉంటుంది. “ఇది పాడైపోయింది, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం” అని పక్కన పెట్టి ఉంటారు.

తొందరపడకండి! చాలాసార్లు ఆ పెట్టె పాడై ఉండదు. మనం దాని శక్తికి మించిన పని చెప్పి ఉంటాం. దానికి చేతనైన పని ఏమిటో తెలుసుకుంటే ఇంకా ఎన్నో ఏళ్లు వాడుకోవచ్చు. అది ఎలాగో ఈ పాఠంలో చూద్దాం.

రిసీవరు చేసే పనులు

రిసీవరుకు ముఖ్యంగా రెండు పనులు. మొదటిది, వచ్చిన సంకేతాలలో బొమ్మను టీవీకి పంపి, శబ్దాన్ని తన దగ్గర ఉంచుకోవడం. రెండవది, ఆ బలహీనమైన శబ్ద సంకేతాన్ని స్పీకర్లను కదిలించగల విద్యుత్ ప్రవాహంగా పెంచడం. ఈ రెండవ పని చేసే భాగాన్ని ఆంప్లిఫయరు అంటారు.

“మాస్టారూ! టీవీలో స్పీకర్లు ఉన్నాయి కదా, ఇది ఎందుకు?” అని మీరు అడగవచ్చు. నేటి టీవీలు పలకలాగా సన్నగా ఉంటాయి. వాటిలో పట్టేవి చిన్న స్పీకర్లే. అవి కూడా తరచు కిందికో, వెనుకకో తిరిగి ఉంటాయి. మృదంగం వంటి తక్కువ పౌనఃపున్యం గల ధ్వని పలకాలంటే ఎక్కువ గాలిని కదిలించాలి. చిన్న స్పీకరుకు అది సాధ్యం కాదు. మాట స్పష్టంగా వినిపించాలన్నా స్పీకరు వినేవారి వైపు తిరిగి ఉండాలి. నలభై మంది కూర్చునే తరగతి గదిలో టీవీ పెట్టి పాఠం చూపించారనుకోండి. వెనుక బల్లవారికి బొమ్మ కనిపిస్తుంది గాని మాట సరిగా వినబడదు. పాత రిసీవరు, దాని పెద్ద స్పీకర్లు ఉంటే ఆ లోటు తీరుతుంది.

లొల్ల లాకుల పోలిక

మన కోనసీమ పిల్లలకు ఈ విషయం చెప్పడం చాలా తేలిక. బొబ్బర్లంక దగ్గర మొదలైన ప్రధాన కాలువ ఆత్రేయపురం సమీపంలోని లొల్ల లాకుల వద్ద పాయలుగా చీలుతుంది. ఒక్కొక్క పాయ నుండి తూములు, తూముల నుండి పంటబోదెలు నీటిని చేల దాకా తీసుకుపోతాయి. లాకు తలుపు ఎంత వెడల్పు ఉందో అంత నీరే పోగలదు. పైన గోదావరిలో ఎంత నీరు ఉన్నా సరే, అంతకు మించి పోదు.

రిసీవరు కూడా అటువంటి లాకే. కంప్యూటరు నుండి వచ్చే ప్రవాహం దానిలోనుండి టీవీకి పోవాలి. కంప్యూటరు, టీవీ రెండూ కొత్తవే కావచ్చు. మధ్యనున్న లాకు పాతదైతే దాని హద్దే మొత్తం దారికి హద్దు అవుతుంది. ఇప్పుడు ఆ హద్దు ఎంతో లెక్క కడదాం.

లెక్క వేద్దాం

తెర మీది బొమ్మ చిన్న చిన్న చుక్కల సముదాయం. ‘1080పి’ అనే రకం బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగులు. రంగుకు 8 బిట్ల చొప్పున చుక్కకు 24 బిట్లు. బిట్ అంటే 0 లేదా 1 అనే ఒక అంకె. సెకనుకు 60 బొమ్మలు పంపాలి. అప్పుడు:

1920 × 1080 × 24 × 60 = 298 కోట్ల 59 లక్షల 84 వేల బిట్లు.

ఇది ఒక్క సెకనుకే! ఇక ‘4కె’ అనే రకంలో చుక్కలు 3840 × 2160. అంటే నాలుగు రెట్లు. సెకనుకు 1194 కోట్ల బిట్లకు పైమాటే.

ఈ ప్రవాహాన్ని మోసే తీగకు, దాని నియమావళికి హెచ్‌డిఎంఐ అని పేరు. దాని మొదటి రూపం 2002 డిసెంబరులో వెలువడింది. తరువాతి రూపాలలో దారి వెడల్పు పెరుగుతూ వచ్చింది. తీగలో పోయే ప్రతి 10 బిట్లలో 8 మాత్రమే అసలు సమాచారం. అది తీసి లెక్కిస్తే ఇలా ఉంటుంది:

2002 నాటి మొదటి రూపం: సెకనుకు 396 కోట్ల బిట్లు.
2006 నాటి 1.3, 2009 నాటి 1.4 రూపాలు: 816 కోట్ల బిట్లు.
2013 నాటి 2.0 రూపం: 1440 కోట్ల బిట్లు.

పోల్చి చూడండి. 1080పి బొమ్మకు 298 కోట్లు కావాలి. బొమ్మకూ బొమ్మకూ, గీతకూ గీతకూ మధ్య వదిలే విరామాన్ని కలిపినా 356 కోట్లు దాటదు. కనుక మొదటి రకం దారిలో కూడా పట్టవచ్చు. సెకనుకు 60 బొమ్మల 4కె మాత్రం 816 కోట్ల దారిలో పట్టనే పట్టదు. 2010లో కొన్న రిసీవరు గుండా కొత్త కంప్యూటరు 4కె బొమ్మ పంపబోతే తెర నల్లబడటానికి ఒక కారణం ఇదే.

ఇక శబ్దం సంగతి

శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో రాస్తారు. ఎడమ, కుడి అని రెండు మార్గాలు.

48,000 × 16 × 2 = 15 లక్షల 36 వేల బిట్లు.

1080పి బొమ్మను దీనితో భాగించండి. 1944 వస్తుంది! అంటే బొమ్మ కోరే దారిలో సుమారు రెండువేల వంతు ఉంటే చాలు, శబ్దం హాయిగా పోతుంది. బొమ్మకు ప్రధాన కాలువ కావాలి. శబ్దానికి పంటబోదె చాలు. పాత లాకులో కాలువ పట్టకపోవచ్చు గాని బోదె తప్పక పడుతుంది. కనుక బొమ్మను నేరుగా టీవీకి పంపి, శబ్దాన్ని మాత్రం రిసీవరుకు మళ్లిస్తే మన చిక్కు విడిపోతుంది.

పరికరాల పలకరింపు

దారి వెడల్పు సరిపోయినా ఒక్కొక్కసారి బొమ్మ రాదు. ఎందుకు?

తీగ తగిలించగానే టీవీ తన పరిచయ పత్రం కంప్యూటరుకు అందిస్తుంది. “నేను ఇన్ని చుక్కలు చూపగలను, ఇటువంటి శబ్దం పలకగలను” అని అందులో ఉంటుంది. దీని మొదటి భాగం కేవలం 128 బైట్లు. మధ్యన రిసీవరు ఉంటే ఆ పత్రం దాని చేతిమీదుగా పోవాలి. రిసీవరు నిద్రలో ఉంటే పత్రం సరిగా అందకపోవచ్చు. అందువల్ల ముందు టీవీ, తరువాత రిసీవరు, చివర కంప్యూటరు వెలిగించడం మంచిది.

ఇంకొకటి, తాళం. సినిమాలను ఎవరూ దొంగచాటుగా నకలు తీయకుండా సంకేతాన్ని రహస్య లిపిలో పంపుతారు. దారిలో ఉన్న ప్రతి పరికరం దగ్గరా తగిన తాళంచెవి ఉండాలి. 4కె సినిమాలకు కొత్త తాళం వచ్చింది. దాని చెవి పాత రిసీవర్ల దగ్గర లేదు. అందుకే మీరు రాసుకున్న పాఠం కనిపించి, సినిమా మాత్రం కనిపించకపోవచ్చు. దీనికి తీగ మార్చి లాభం లేదు.

భాష మార్చే పెట్టె

హెచ్‌డిఎంఐ రంధ్రమే లేని మరీ పాత రిసీవర్లు ఉన్నాయి. వాటికి పసుపు, ఎరుపు, తెలుపు రంగుల గుండ్రని రంధ్రాలు ఉంటాయి. పసుపు బొమ్మకు, మిగిలిన రెండూ శబ్దానికి. ఒక కొసన హెచ్‌డిఎంఐ, రెండవ కొసన మూడు రంగుల పిన్నులు ఉన్న వట్టి తీగలను కొందరు కొంటారు. అవి సాధారణంగా పనిచేయవు. కంప్యూటరు పంపేది అంకెలు. పసుపు రంధ్రం కోరేది ఎడతెగక హెచ్చుతగ్గులయ్యే విద్యుత్ తరంగం. భాష మార్చే పరికరం మధ్యన ఉండాలి.

ఇటువంటి పెట్టె మన రాష్ట్రానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ బోధన ప్రయోగం జరిగింది. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరిలో సుమారు 3 మీటర్ల వ్యాసం గల, కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన గొడుగు వంటి ఆంటెనా నిలిపారు. అది పట్టిన తరంగం మామూలు టీవీకి అర్థం కాదు. అందుకని రెంటికీ మధ్యన మార్పిడి పెట్టె ఉంచారు. ఆ సెట్లను హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ తయారుచేసింది.

మీరు కూడా మార్పిడి పెట్టె కొని పసుపు రంధ్రంలోకి బొమ్మ పంపవచ్చు. కాని ఆ పద్ధతిలో కనిపించే గీతలు 576 మాత్రమే. కంప్యూటరు మీది సన్నని అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి. అందువల్ల అక్కడ కూడా బొమ్మను టీవీకే పంపి, ఎరుపు, తెలుపు రంధ్రాలను శబ్దానికి వాడుకోవడం మేలు.

కలిపే విధానాలు

మొదటి విధానం: కంప్యూటరు నుండి రిసీవరుకు, అక్కడ నుండి టీవీకి హెచ్‌డిఎంఐ. రిసీవరుకు ఆ రంధ్రాలు ఉంటేనే ఇది వీలవుతుంది. కంప్యూటరులో బొమ్మ కొలతను 1920 × 1080కి తగ్గించి చూడండి. కొన్ని తొలినాటి రిసీవర్లు హెచ్‌డిఎంఐ నుండి బొమ్మను దాటిస్తాయి గాని శబ్దం తీసుకోవు. అటువంటప్పుడు శబ్దానికి వేరే తీగ వేయాలి.

రెండవ విధానం: కంప్యూటరు నుండి టీవీకి హెచ్‌డిఎంఐ. టీవీ నుండి రిసీవరుకు ‘ఆప్టికల్’ తీగ. ఈ తీగలో పోయేది కాంతి! ఎర్రని వెలుగు సన్నని తంతువులో సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ ప్రయాణిస్తుంది. ఈ పద్ధతిని తోషిబా సంస్థ 1983లో ప్రవేశపెట్టింది. 2009 తరువాతి రిసీవర్లలో కొన్నిటికి ‘ఏఆర్‌సీ’ అని రాసిన రంధ్రం ఉంటుంది. టీవీకి కూడా అది ఉంటే హెచ్‌డిఎంఐ తీగలోనే శబ్దం వెనక్కు వస్తుంది. ఆప్టికల్ తీగ అక్కరలేదు.

మూడవ విధానం: బొమ్మ నేరుగా టీవీకి. కంప్యూటరు హెడ్‌ఫోన్ రంధ్రం నుండి రిసీవరు ఎరుపు, తెలుపు రంధ్రాలకు ఒక తీగ. ఇది అన్నిటికన్నా చవక. ఎంత పాత రిసీవరుకైనా పనికివస్తుంది. అయితే కంప్యూటరు శబ్దాన్ని తనంతట తాను టీవీకి పంపేస్తుంది. శబ్దం అమరికలో ‘హెడ్‌ఫోన్’ అని మీరు ఎంచుకోవాలి. టీవీ శబ్దం తగ్గించాలి.

ఏ విధానంలోనైనా రిసీవరు ముందు వైపు మీటతో తీగ తగిలించిన రంధ్రం పేరును ఎంచుకోవడం మరువకండి.

గుయ్‌మనే రొద

మూడవ విధానంలో ఒక్కొక్కసారి స్పీకర్ల నుండి సన్నని రొద వస్తుంది. లాప్‌టాప్ చార్జరు ఊడదీసి చూడండి. రొద ఆగితే కారణం దొరికినట్టే. కంప్యూటరు, రిసీవరు రెండూ వేర్వేరు దారుల్లో భూమికి కలిసి ఉంటే శబ్దపు తీగ గుండా కొద్ది విద్యుత్తు ప్రవహిస్తుంది. మన కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జులు కనుక అదే గుయ్‌మని వినిపిస్తుంది. రెండు పరికరాలనూ ఒకే ప్లగ్గు పెట్టె నుండి వెలిగిస్తే తరచు తగ్గుతుంది. ఆప్టికల్ తీగలో విద్యుత్తే పోదు కనుక ఆ తీగ ద్వారా ఈ బాధ రాదు. రొద పోవడానికని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ తీయరాదు. అది మన ప్రాణరక్షణ కోసం ఉన్నది.

జాగ్రత్తలు

తీగలు కలిపేటప్పుడు పరికరాలన్నిటి ప్లగ్గులు తీసి ఉంచండి. పెద్దవారిని దగ్గర ఉంచుకోండి. స్పీకరు తీగల రాగి పోగులు ఒకదానికొకటి తాకరాదు. తాకితే ఆంప్లిఫయరు కాలిపోవచ్చు. రిసీవరు మూత విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. పెట్టె మీద గుడ్డ కప్పకండి. దానికి గాలి ఆడాలి. సముద్రానికి దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి. ప్లగ్గులు తీసి ఉన్నప్పుడు పొడిగుడ్డతో తుడవండి. ఉరుములు మెరుపులు వచ్చేటప్పుడు ప్లగ్గులతోబాటు కేబుల్ తీగ కూడా ఊడదీయండి.

చేసి చూడండి

1. మీ ఇంట్లోని రిసీవరు వెనుక ఉన్న రంధ్రాలన్నిటి బొమ్మ గీయండి. ఒక్కొక్కటి బొమ్మకా, శబ్దానికా, రెంటికీనా రాయండి. పైన చెప్పిన మూడు విధానాల్లో దానికి ఏది కుదురుతుందో తేల్చండి.

2. సెకనుకు 30 బొమ్మలే పంపితే 4కె దృశ్యం 816 కోట్ల బిట్ల దారిలో పడుతుందా? లెక్క కట్టండి. (జవాబు: 597 కోట్ల బిట్లు కావాలి. విరామాలు కలిపినా 713 కోట్లు. కనుక వెడల్పు సరిపోతుంది. కాని రిసీవరు 2009 నాటి 1.4 రూపానిదై, 4కెను దాటించేలా తయారైనదై ఉండాలి.)

3. మీ బడిలో టీవీ ఉంటే వెనుక బల్ల దగ్గర నిలబడి పాఠం వినండి. ఎన్ని మాటలు స్పష్టంగా అందుతున్నాయో రాసుకోండి. తరువాత పాత రిసీవరును మూడవ విధానంలో కలిపి అదే పాఠం మళ్లీ వినండి. రెండు చీటీలనూ మీ మాస్టారికి చూపించండి.