పగులు చప్పుడు

మా అవ్వ సంతలో కుండ కొనేముందు వేలితో కొట్టి వింటది. ఖంగుమనకపోతే ఎక్కడో బీటుందని పక్కన పెట్టేస్తది. అయితే బీట పడేటప్పుడే వినే పద్ధతి కూడా ఉన్నది. దాన్ని అకౌస్టిక్ ఎమిషన్ అంటారు.

కుండలాగే గట్టిగా, పెళుసుగా ఉండేవి సిరామిక్కులు. వాటిలో సన్న నారలు కలిపితే కాంపోజిట్. పగులు నార దగ్గర ఆగొచ్చు, పక్కకు మళ్లొచ్చు. దానిమీద వజ్రపు మొనతో నొక్కుతారు. పైకి గుంట మాత్రమే కనబడుతుంది. లోపల పగులు పుట్టగానే అలలు బయలుదేరతాయి. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాకే వినబడుతుంది, ఈ అలలు లక్ష కూడా దాటుతాయి. అందుకే సెన్సారు అంటిస్తారు. ఏ బరువు దగ్గర పగిలిందో అప్పుడు తెలుస్తుంది. 1950లో జర్మనీలో జోసెఫ్ కైజర్ లోహాలను సాగదీసి ఇలాగే విన్నారు.

హాస్టల్ కుండ నా చేతిలో పగిలినప్పుడు అందరూ నన్నే తిట్టిండ్రు. బీట ముందే ఉందేమో! నేనూ కొట్టి చూడలేదు. కొత్త కుండ తెస్తే ముందు నన్ను పిలవండి.