చాటలో దొరికిన గోలీలు

కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ చుట్టుపక్కల పల్లెల్లో బీడీలు చేసే అక్కలు ఎందరో ఉన్నారు. అటువంటి ఒక ఇంటి కథ చదువుదాం.

అత్తకు మూడు వారాలుగా దగ్గు. సాయంత్రమైతే జ్వరం. మనిషి చిక్కిపోయింది. కోడలు ఆమెను సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. తెమడ పరీక్ష చేశారు. టి.బి. అని చెప్పారు. టి.బి. అంటే క్షయ. మందులు ఉచితంగా ఇచ్చారు.

కోడలు రోజూ గోలీలు అత్త చేతిలో పెట్టి పనికి పోయేది. నెల గడిచింది. దగ్గు తగ్గింది. ఒకనాడు కోడలు బీడీల చాట సర్దుతున్నది. అడుగున చిన్న గుడ్డ మూట కనిపించింది. విప్పి చూస్తే గోలీలు!

"ఇవేంది అత్తా? మింగుతలేవా?"

"దగ్గు పోయింది గద బిడ్డా, ఇంకెందుకు? అవి ఏసుకుంటే ఒంటికి ఎర్రగ వస్తున్నది. నాకు భయమైతున్నది."

కోడలు కోపం చేయలేదు. ఆశా కార్యకర్తను పిలుచుకొచ్చింది. ఆమె ఇట్లా చెప్పింది:

"పెద్దమ్మా, ఎరుపు ఆ మందు రంగే, రక్తం కాదు. దగ్గు తగ్గినా పురుగు చావలేదు. మందు నడుమ ఆపితే మిగిలిన పురుగు మొండిదైతది. అప్పుడు ఈ గోలీలకు లొంగదు. మామూలు టి.బి.కి ఆరు నెలలు మందు వాడాలె. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. ఒక్క గోలీలోనే కలిపి ఉంటయి."

పోయిన రోజుల సంగతి డాక్టరుకు చెప్పి, మందు మళ్ళీ సరిగా మొదలుపెట్టారు.

అక్కలారా, చేతిలో పెడితే మందు ఇచ్చినట్టు కాదు. మింగేదాకా చూడాలి. 1997లో మన దేశంలో మొదలైన డాట్స్ పద్ధతికి ఇదే మూలం. రోగి ఇంకొకరి కళ్ళ ముందు మందు మింగాలి.

మందు ఇచ్చే ముందు ఐదు సంగతులు చూడండి.

1. ఎవరికి? మందు ఎవరి పేరున ఇచ్చారో వారికే ఇవ్వాలి. ఇంకొకరికి దగ్గు వస్తే ఈ గోలీలు ఇవ్వవద్దు. వారికి పరీక్ష చేయించాలి.

2. ఏ మందు? రంగు చూసి గుర్తుపట్టవద్దు. రెండు మందులకు ఒకే రంగు ఉండవచ్చు. పేరు కూడబలుక్కొని చదవండి. ఇంగ్లీషులో ఉంటే చదివించుకోండి. గడువు తేదీ చూడండి.

3. ఎన్ని? టి.బి. గోలీల లెక్క మనిషి బరువును బట్టి ఉంటుంది. మన ఇష్టంతో తగ్గించవద్దు, పెంచవద్దు.

4. ఎప్పుడు? రోజూ ఒకే వేళకు ఇవ్వాలి. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండింతలు ఇవ్వవద్దు. ఆశా కార్యకర్తను అడగండి.

5. రాశామా? మింగిన వెంటనే క్యాలెండరులో ఆ తేదీ దగ్గర గీత పెట్టండి. గీత లేకుంటే మందు పడలేదని తెలుస్తుంది.

మందులను పిల్లలకు అందని చోట, తడి తగలకుండా పెట్టాలి.

కండ్లు పచ్చబడితే, వాంతులు ఆగకుంటే, చూపు మసకబారితే వెంటనే దవాఖానకు పోవాలి. ఈ సంగతులు దాచవద్దు.

మందుతో పాటు మంచి తిండీ కావాలి. దీనికోసం 2018లో ప్రభుత్వం టి.బి. రోగులకు నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసింది. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. పడకపోతే దవాఖానలో అడగండి.

ఆ ఇంట్లో ఇప్పుడు కోడలు చెంబుతో నీళ్ళు ఇచ్చి అత్త ముందే కూర్చుంటుంది. అత్త మింగి నోరు తెరిచి చూపుతుంది. ఇద్దరూ నవ్వుకుంటారు. కోడలు గీత పెడుతుంది. నిన్న మొన్న అక్షరాలు నేర్చిన చేయి అది. ఇయ్యాల ఒక ప్రాణాన్ని కాస్తున్నది.

చెప్పండి:
1. అత్త గోలీలు ఎందుకు దాచింది?
2. మందు నడుమ ఆపితే ఏమవుతుంది?

రాయండి:
మీ ఇంట్లో ఎవరైనా మందు వాడుతున్నారా? మందు పేరు, ఎన్ని, ఏ వేళకు అన్నది మీ నోటుబుక్కులో రాయండి.