గురి తప్పని రాకెట్టు

రాకెట్టనగానే అది ఎంత ఎత్తునకు పోయినదని అడుగుదుము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2003వ సంవత్సరమున తొలిసారి జరిగిన పాఠశాలల రాకెట్టు పోటీలో ప్రశ్న వేరు: చెప్పినంత ఎత్తునకే పోయినదా?

2023 నాటి అర్హత పోటీ నియమమును చూడుడు. పచ్చి కోడిగ్రుడ్డును మోయుచు రాకెట్టు 850 అడుగులు లేచి, 42 మొదలు 45 సెకండ్లలో నేలను చేరవలెను. అడుగు తేడాకు ఒక దోషాంకము. సెకండు తేడాకు నాలుగు. 838 అడుగులు లేచి 47 సెకండ్లకు దిగినచో 12, 8 కలిసి 20 దోషాంకములు. తక్కువ వచ్చినవారిదే గెలుపు. గ్రుడ్డు పగిలెనా, ఆ ప్రయోగము చెల్లదు.

జట్టులో మూడు మొదలు పదిమంది విద్యార్థులుందురు. ఒకరు కాగితపు గొట్టమునకు రెక్కలు అతికింతురు. ఒకరు గ్రుడ్డునకు మెత్తని గూడు అమర్తురు. ఒకరు పారాచ్యూటును మడతురు. బరువును, గాలిని, ఎత్తును, కాలమును పుస్తకమున వ్రాయుటయు ఒకరి పని. రాకెట్టు మితిమీరి లేచినచో కొంత బరువు చేర్తురు. ఆలస్యముగా దిగినచో పారాచ్యూటును చిన్నది చేయుదురు. ఈ సవరణలన్నియు ఆ పుస్తకమును చూచి చేయునవే. కావున వ్రాతలో తప్పు దొరలినచో తక్కినవారి శ్రమ వ్యర్థమగును.

రాకెట్టును దూరమునుండి విద్యుత్తుచే వెలిగింతురు. మీట నొక్కినను అది లేవకున్నచో, బ్యాటరీ తీగను విడదీసి, 60 సెకండ్లు గడచువరకు ఎవరును దాని దరికి పోరాదు. కుతూహలముతో పరుగెత్తినవాని ముఖముననే అది రగులవచ్చును. ఆ 60 సెకండ్లు ఓర్చి నిలువగలవారే జట్టునకు తగినవారు.